రెండోసారి అడగని ఇంటావిడ

ఆ ఇంట్లో ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే మొదటిసారి వద్దనాలి. రెండోసారి “ఇప్పుడెందుకండీ, మీకు శ్రమ” అనాలి. మూడోసారి, ఇవ్వబోయేవారి ముఖం చిన్నబోయే వేళకు, “మీరింతగా చెబుతున్నారు కనుక” అంటూ పుచ్చుకోవాలి. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పిన పద్ధతి కాదు. అత్తగారు పుట్టింటినుంచి తెచ్చుకున్నవాటిలో పెట్టెలు తుప్పుపట్టాయి, దుప్పట్లు చివికిపోయాయి. ఈ మర్యాద ఒక్కటే నిగనిగలాడుతూ మిగిలింది. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో, అడగ్గానే రెండో కప్పు టీ అందుకున్నందుకు, పాపం ఈ పిల్ల ఎన్నాళ్ళనుంచి టీకి మొహం వాచిపోయి ఉందో అని అత్తగారు జాలిపడింది. ఆ జాలి తగిలిన తరవాత కోడలు మళ్ళీ అలాంటి పొరపాటు చేయలేదు.

ఆ కోడలు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు విప్పి, కుట్టి, అట్టలు వేసే పని చేస్తుంది. అక్కడ అందరూ ఆమెను బైండరమ్మ అంటారు. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఆయనకు కంపెనీవాళ్ళు పెట్టిన పేరు సరేగారు. తల్లినుంచి వచ్చిన మర్యాదను ఆయన ఇంకో మెట్టు ఎక్కించాడు: ఎవరైనా ఇస్తే వద్దంటాడు, ఎవరైనా అడిగితే సరేనంటాడు. ఈ రెండింటి నడుమ ఆయన చేతిలో మిగిలేదేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే దానికీ సరేననేవాడు.

అందువల్ల బైండరమ్మ పెళ్ళయిన నాటినుంచి ఒక్క సెలవు కూడా సవ్యంగా గడిచి ఎరగదు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కొండమీదికి విహారానికి వెళితే, ఆ హోటల్లో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. మేనేజరు వచ్చి చేతులు నలుపుకోగానే ఈయన చొక్కా చేతులు మడిచాడు. తక్కిన విహారమంతా ఆయన మోటారు గదిలోనూ, ఆమె వరండాలోనూ చేశారు. బంధువుల పెళ్ళికి వెళితే కల్యాణమండపంలో లిఫ్టు. ఆసుపత్రికి పరామర్శకు వెళితే ఆసుపత్రిలో లిఫ్టు. లోకంలో ఉన్న లిఫ్టులన్నీ ఈయన రాకకోసం ఊపిరి బిగబట్టి, ఈయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఆగిపోతాయేమోనని ఆమెకు అనుమానం.

ఈ అనుమానంలోనుంచే ఆ ఇల్లు పుట్టుకొచ్చింది. విదేశంలో, ఒక సరస్సు పక్కన, చిన్న ఊళ్ళో సెలవులకు అద్దెకిచ్చే ఇల్లు. ప్రకటన కింద ఇంటావిడ బిడియపడుతూ ఒక మాట రాసింది: ఇంటికి మేడ లేదు, ఊరు మొత్తంమీద ఎక్కడా లిఫ్టు లేదు, పెద్దవయసువారు దయచేసి గమనించగలరు. లోపంగా రాసిన ఆ మాటను బైండరమ్మ వరంలా చదువుకుంది. ఫోను చూస్తూ సరస్సు బాగుందన్నాడు భర్త. ఆమె సరస్సును చూడనే లేదు. పది రోజులు తన భర్త ఒక కుర్చీలో, చేతిలో పనిముట్టు లేకుండా కూర్చుని ఉండగా చూడాలన్నది ఆమె కోరిక. ఇంకో రెండేళ్ళలో ఆయన పదవీ విరమణ. ఈలోగా కూర్చోవడం అలవాటు చేయకపోతే ఆ తరవాత ఇంట్లో ఉన్న తలుపులన్నీ విప్పి ఆరబెడతాడని ఆమె భయం.

అద్దెలో సగం ముందే కట్టారు. మిగిలిన సగం బయల్దేరే ముందు. ప్రయాణం నెలలోపు ఉండగా రద్దు చేసుకుంటే ఆ మిగిలిన సగమూ చెల్లించవలసిందేనని ఒప్పందంలో ఉంది. ముగ్గురికీ వీసాలు తీసుకున్నా, అత్తగారు ఆ పది రోజులూ పక్కింటివారి తోడుతో ఇంట్లో ఉంటానంది. అన్నీ కుదిరాయి.

కుదిరినదాన్ని విప్పినవాడు కంపెనీలో ఒక కుర్ర మెకానిక్కు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇల్లు మారుతున్నానని, తన పని కాస్త చూసుకోగలరా అన్నా అని సరేగారిని అడిగాడు. సరేగారికి తన సెలవు గుర్తుంది. సరస్సు గుర్తుంది. భార్య ముఖం కూడా గుర్తుకొచ్చిందని తరవాత ఆయన ప్రమాణపూర్వకంగా చెప్పాడు. అయితే నోరు మాత్రం తనకు అలవాటైన మాట అనేసింది. సాయంత్రానికి కుర్రవాడి సెలవు మంజూరైంది, ఈయన సెలవు రద్దయింది.

ఇంటికొచ్చి విషయం చెబుతూ ఆయన నీళ్ళు నమిలాడు. బైండరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది. ఆమె పళ్ళెం ముందునుంచి లేచి, చేతులు కడుక్కుని, “ఇల్లు వద్దని ఆవిడకు మీరే రాయండి. సెలవిచ్చేసింది మీరు కదా” అంది.

ఆయన రాశాడు. ఇంటావిడ భాష వీరికి రాదు, వీరి భాష ఆవిడకు రాదు. మాటల్ని అటూ ఇటూ మార్చిపెట్టే పని ఫోను చేసింది. జరిగినదానిలో ఫోను తప్పు రవ్వంత కూడా లేదని ఇక్కడే చెప్పడం న్యాయం. ఉద్యోగంలో అనుకోని ఇబ్బంది వచ్చింది, రాలేకపోతున్నాం, మన్నించండి అని ఈయన రాశాడు. మర్నాడే జవాబు వచ్చింది. మీరు రాకపోవడం విచారంగా ఉంది, ఒప్పందం ప్రకారం మిగిలిన సగం మీరు కట్టవలసి ఉంది, అయినా మీ ఇబ్బంది నాకు అర్థమైంది కనుక కట్టకపోయినా ఫరవాలేదు, అని ఇంటావిడ రాసింది.

అంతటితో కథ ముగియాలి. సరేగారు కాకుండా మరెవరైనా అయితే ధన్యవాదాలు చెప్పి ఫోను పక్కన పెట్టేవారు. ఆయనకు మాత్రం ఎవరో ఏదో ఇవ్వబోతున్నారని అర్థమైంది. చిన్ననాటి శిక్షణ మేల్కొంది. “అయ్యో, అలా ఎలా కుదురుతుందండీ, ఒప్పందం ఒప్పందమే, మిగిలిన సగం తప్పక చెల్లిస్తాం” అని రాసి, ఆవిడ రెండోసారి వద్దనడం కోసం ప్రశాంతంగా ఎదురుచూశాడు.

ఇంటావిడ రెండోసారి అనలేదు. మీవంటి నిజాయితీపరులు అరుదు, ఖాతా వివరాలు కింద ఇచ్చాను, శుక్రవారంలోగా పంపితే మేలు, అని రాసింది.

ఆయన ఫోనును బల్లమీద బోర్లించి పెట్టాడు.

సంగతి తెలిసి అత్తగారు ముక్కున వేలేసుకుంది. ఆవిడకు కొడుకు చేసినదానిలో లోపమేమీ కనబడలేదు. “అదేమిట్రా, రెండోసారైనా అడగలేదూ? నలుగురు వచ్చిపోయే ఇల్లు నడుపుకునే మనిషి. ఆమాత్రం పెంపకం ఉండక్కర్లేదూ?” అంది.

“బహుశా అక్కడ ఒక్కసారే అడుగుతారేమోనమ్మా.”

“ఒక్కసారికే తేల్చేస్తే ఎదుటివాడు నిజంగా అంటున్నాడో, ఊరికే అంటున్నాడో తెలిసేదెట్లా? ఎలా బతుకుతున్నారో ఏమో వాళ్ళు.”

బైండరమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు రావాలో తేలక రెండూ ఆగిపోయాయి. వెళ్ళని ఊరికి, ఉండని ఇంటికి, పూర్తి అద్దె కట్టాలి. పది రోజులు పోయాయి, వాటితోపాటు ఇదీనా. కట్టనక్కరలేదని ఆవిడ రాసిన మాట ఫోనులోనే ఉంది, దాన్ని పట్టుకోండి అని ఆమె భర్తతో వాదించింది. ఇస్తానన్న తరవాత మళ్ళీ ఇవ్వనని ఏ ముఖంతో రాయనని ఆయన వాదించాడు. ఇవ్వడం ఇష్టమేనా అని ఆమె అడిగితే, ఇష్టం లేదన్నాడు. మరి ఇస్తానని ఎందుకన్నారంటే, ఇవ్వనక్కరలేదని ఆవిడ అన్నది కదా, అందుకని అన్నాడు. ఈ జవాబులో తర్కం వెతకడం దండగని ముప్ఫయ్యేళ్ళ కాపురం ఆమెకు నేర్పింది.

అయినా ఆయన తన పద్ధతిలో ప్రయత్నం చేయకపోలేదు. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఈ ఏడు ఖర్చులు కూడా కాస్త ఎక్కువే, అని ఇంటావిడకు ఒక వర్తమానం పంపాడు. ఇంతకంటె స్పష్టంగా అడగడం ఆ వంశంలో ఎవరూ చేసి ఎరగరు. అమ్మగారి మోకాళ్ళకు వేడినీటి కాపడం మంచిదని ఇంటావిడ జవాబిచ్చి, ఖాతా వివరాలు అందలేదేమోనని మరొకసారి పంపింది. అప్పుడాయన ధైర్యం కూడగట్టుకుని, మిగిలిన సగంలో సగం పంపితే సరిపోతుందేమోనండీ అని రాశాడు. ఈసారి జవాబు కాస్త బిగువుగా వచ్చింది. వద్దన్నది నేను, ఇస్తానన్నది మీరు. ఇప్పుడు నన్ను బేరగత్తెను చేయడం బాగోలేదు, ఒప్పందం కాగితం నా దగ్గర ఉంది, అవసరమైతే ఇల్లు కుదిర్చిపెట్టిన సంస్థకు ఫిర్యాదు చేస్తాను, అన్నది దాని సారాంశం.

తన మర్యాదకు ఫిర్యాదు దాకా వెళ్ళే శక్తి ఉందని తెలిసి సరేగారు బెంబేలెత్తిపోయాడు. కట్టేద్దామన్నాడు. బైండరమ్మ ఆయన చేతిలోనుంచి ఫోను తీసుకుంది.

ఆమె అటూ ఇటూ తిప్పకుండా రాసింది. మా ఇంట్లో ఇవ్వబోయినదాన్ని రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకుంటాం. మీరు వద్దన్నప్పుడు నా భర్త ఇస్తాననడం ఆ వద్దుల్లో మొదటిది. మీరు ఇంకోసారి అంటారని ఆయన అనుకున్నారు. మీరు అనకపోవడం మీ తప్పు కాదు, ఆయన అలా అనుకోవడం మోసమూ కాదు. నిజం ఏమిటంటే మేము కట్టకూడదనే మాకు ఉంది. మీకు నిజంగా ఏముందో మీరు కూడా చెప్పండి, దాన్నిబట్టి చేస్తాం.

రెండు రోజులు జవాబు లేదు. సరేగారు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. అది ఏదో ఒక లిఫ్టని తెలిశాక హాయిగా నిట్టూర్చాడు. మూడోనాడు ఇంటావిడ పెద్ద వర్తమానం పంపింది. రద్దు చేసుకుంటున్నామన్నప్పుడు తనకు మొదట కోపం వచ్చిందట. కఠినంగా రాయబోతే పక్కనున్న చెల్లెలు వారించి, ఒక మంచిమాట రాయమంటే, కట్టకపోయినా ఫరవాలేదని రాసిందట. రాసింది గాని, అవతలివారు ఒప్పుకుంటే ఎట్లాగని రోజంతా దిగులుపడిందట. సరస్సువైపు కిటికీలు పుచ్చిపోయాయి; వాటిని మార్చడానికి ఆ సగం మీదనే ఆశ పెట్టుకుంది. ఇస్తామని వీరు రాయగానే ఎగిరి గంతేసి, వీరి మనసు మారేలోగా వడ్రంగికి కబురు పెట్టేసింది. కిటికీలు చేయించడం మొదలైంది. నాకు నిజంగా ఏముందని అడిగారు కనుక చెబుతున్నాను, ఇచ్చేస్తే బాగుండునని ఉంది, అంటూ ముగించింది.

బైండరమ్మ దాన్ని మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. ఇన్నాళ్ళూ తన అత్తవారింటి సొంత ఆస్తి అనుకున్న మొహమాటం సరస్సు పక్కన కూడా కాపురముంటోందని ఆమెకు తెలిసివచ్చింది. ఒక మొహమాటం ఇవ్వనక్కరలేదంది, ఇంకో మొహమాటం ఇస్తానంది. రెండూ ఒకదానికొకటి నమస్కారం పెట్టుకోబోయి తలలు కొట్టుకున్నాయి.

మర్నాడు పనిలో ఆమె ఒక లావుపాటి నిఘంటువును విప్పుతోంది. అట్ట ఊడితే జనం జిగురు పెట్టి ఒత్తేస్తారు; ఆర్నెల్లకు మళ్ళీ ఊడుతుంది. అట్ట ఊడడం చివర జరిగేది. దానికి ముందు వెన్నుమీది గుడ్డ వదులవుతుంది, దానికి ముందు లోపలెక్కడో ఒక కుట్టు తెగుతుంది. ఆ కుట్టు దొరికేదాకా కాగితాల మడతలు ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటూ పోవడమే ఆమె పని. చేతులు ఆ పని చేస్తుండగా బుద్ధి ఇంటి సంగతిని కూడా అదే విధంగా విప్పింది. బాకీకి ముందు భర్త వద్దనడం. దానికి ముందు రద్దు. రద్దుకు ముందు కుర్ర మెకానిక్కుతో అన్న సరే. తెగిన కుట్టు అది. తాను మాత్రం ఇన్నాళ్ళూ అట్టకు జిగురు రాస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె తన నిర్ణయం చెప్పింది.

“మిగిలిన సగం పంపించేశాను.”

సరేగారి ముఖం వెలిగింది. ఆ వెలుగును ఆమె ఎక్కువసేపు నిలవనివ్వలేదు. పూర్తి అద్దె కట్టాక ఆ ఇల్లు ఆ పది రోజులూ మనదే, రద్దు అన్న మాటే లేదు, ఇంటావిడకు రాసి అడిగాను, ఆవిడ కూడా ఒప్పుకుంది, నేను వెళుతున్నాను, అంది. కిటికీలు మన డబ్బుతో చేయిస్తున్నారు కనుక వాటిలోనుంచి సరస్సు ఎలా కనబడుతుందో మనం చూడకపోతే బాగుండదు, అని కూడా అంది. తరవాత అత్తగారివైపు తిరిగింది.

“అత్తయ్యా, మీరూ వస్తారా?”

“నాకెందుకమ్మాయ్, ఈ మోకాళ్ళతో,” అంది అత్తగారు, రెండోసారి అడగడానికి వీలుగా కాస్త ఆగుతూ.

“సరే అత్తయ్యా,” అని బైండరమ్మ భర్తవైపు తిరిగింది. “మీరు?”

“ఎలా కుదురుతుంది? ఆ కుర్రాడికి మాటిచ్చాను కదా,” అన్నాడాయన.

“సరేనండీ,” అని ఆమె పళ్ళాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సరే ఆ ఇంట్లో ఎన్నడూ వినబడని సరే. తల్లీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఆమె తిరిగివచ్చి అడుగుతుందనుకున్నారు. ఆమె గిన్నెలు కడుగుతున్న చప్పుడు వచ్చింది, తుడుస్తున్న చప్పుడు వచ్చింది, ఆ తరవాత దీపం ఆర్పిన చప్పుడు కూడా వచ్చింది.

అత్తగారు ఒక్క పూట ఆగింది. రెండో పూటకు కోడలి గది గుమ్మంలో నిలబడి, ఆ ఊళ్ళో చలి ఉంటుందా అంది. ఉంటుందని కోడలు చెప్పింది. ఒక్కదానివీ అంత దూరం ఎలా వెళతావంది. విమానంలో అని కోడలు చెప్పింది. అత్తగారు గుమ్మం పట్టుకుని ఇంకాస్త నిలబడింది.

“ఏమ్మాయ్, నువ్వు నన్ను రెండోసారి అడగలేదు.”

“మొదటిసారి అడిగాను కదా అత్తయ్యా.”

“మొదటిసారిదాన్ని ఎవరు లెక్కపెడతారే? నా ఉన్ని శాలువా ఎక్కడుందో చూడు,” అంది అత్తగారు. అప్పటికే ఆవిడ చిన్న పెట్టె సర్దుకుని మంచం పక్కన పెట్టుకుందని కోడలికి శాలువాకోసం వెళ్ళినప్పుడు తెలిసింది.

సరేగారి సంగతి అంత తేలికగా తేలలేదు. ఆయన రెండు రోజులు ఇంట్లో అటూ ఇటూ తిరిగాడు. అడగవలసిన మనిషి పక్కనే కూర్చుని పెట్టెలకు చీటీలు అంటిస్తోంది గాని అడగడం లేదు. అడిగితే రానని చెప్పి బాధపడవచ్చు. అడగనప్పుడు బాధపడడం ఎలాగో ఆయనకు తెలియదు. బైండరమ్మ పైకి కులాసాగానే ఉంది. లోపల మాత్రం, అత్తగారితో సరస్సు చూసి రావడానికా తాను ఇంత చేసిందని, సూదికి దారం ఎక్కించేటప్పుడల్లా అనుకుంటూనే ఉంది. రెండోసారి అడిగితే ఆయన వస్తాడని ఆమెకు తెలుసు. వస్తాడు, అడిగినందుకు వస్తాడు, కుర్రవాడికి సరేనన్నట్టే తనకూ సరేనని వస్తాడు. ఆ సరే ఆమెకు అక్కర్లేదు.

మూడోనాడు మధ్యాహ్నం బైండింగు గదికి ఆయనే వచ్చాడు. ఆ భవనంలో ఏ లిఫ్టూ చెడిపోలేదు. జిగురు డబ్బాలు, బిగించిన ప్రెస్సులు దాటుకుని వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

“వాడితో కుదరదని చెప్పేశాను,” అన్నాడు.

ఆమె దారం కొరకడం ఆపింది.

పొద్దున్న ఆ మాట నోటికి అలవాటు కావడంకోసం ఒక కార్యాలయ భవనంలో లిఫ్టు ఎక్కి, కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, తనలో తాను అనుకుంటూ తిరిగాడట. మధ్యలో ఎక్కినవారెవరో ఏమి కుదరదండీ అని అడిగారట. చివరికి కుర్రవాడి దగ్గరికెళ్ళి, నాలుగు మాటల్లో చెప్పాడు. వాడు కోప్పడతాడనుకున్నాడు. వాడు అయ్యో అలాగా అన్నా, అయితే ఇంకొకరిని అడుగుతాను అని, పక్క బల్లవాడిని అడిగితే అతను ఒప్పుకున్నాడు. ముందే అతన్ని అడగొచ్చు కదరా అని ఈయన అడిగాడు. “మీరు సరేనంటారని తెలుసు కదన్నా, అందుకని అందరం మిమ్మల్నే ముందు అడుగుతాం” అన్నాడు వాడు, దాచవలసింది ఏముందన్నట్టు.

ఆ మాట చెబుతూ ఆయన బల్లమీది దారపు ఉండను అటూ ఇటూ దొర్లించాడు. బైండరమ్మ దాన్ని గమనించనట్టు సూది దిండులో గుచ్చింది.

“మరి బదులుగా ఏమీ ఒప్పుకోలేదా?”

ఆయన నేలచూపులు చూశాడు. “వానలకాలమంతా సాయంత్రం డ్యూటీలు.”

ఆమె నవ్వింది. ఒక్క రోజులో అంతా మారిపోతే ఆయన్ను గుర్తుపట్టడం కష్టమయ్యేది.

“నువ్వు రెండోసారి అడగలేదు,” అన్నాడాయన. “అయినా వస్తున్నాను.”

సరస్సు పక్కన ఇల్లు ప్రకటనలో కనబడినదానికంటె చిన్నది. కొత్త కిటికీల చెక్క వాసన గదంతా కమ్ముకుని ఉంది. ఇంటావిడ పొడుగ్గా, బక్కగా ఉంది. చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది, బహుశా మంచిమాటలు అందించడానికి. వచ్చినవారికి కాఫీ తెచ్చింది. సరేగారు మొదటిసారికే కప్పు అందుకున్నాడు. అత్తగారు మాత్రం, పరాయి దేశంలో పరువు నిలబెట్టే బాధ్యత తనమీదే ఉన్నట్టు, ఇప్పుడెందుకంటూ చెయ్యి ఊపింది. ఇంటావిడ ఒకసారి చెబితే వినే మనిషి. ట్రే వెనక్కి తీసుకుంది. అత్తగారి చెయ్యి ఊపుతున్నది ఊపుతున్నట్టే ముందుకు వచ్చి, దాటిపోతున్న కప్పును పట్టుకుంది.

అందరూ సరస్సువైపు కుర్చీలు వేసుకున్నారు. ఇంటావిడ కొత్త కిటికీని పైకెత్తి తెరచి చూపించబోయింది. సగం దాకా లేచి అది బిగుసుకుపోయింది. ఆవిడ లాగింది, చెల్లెలు లాగింది. ఈయన మెకానిక్కని తెలుసు కనుక, ఇద్దరూ మెల్లగా సరేగారివైపు చూశారు. కాస్త చూస్తారా అని ఫోను ఆవిడ తరపున అడిగింది.

సరేగారి కుడిచెయ్యి తనంత తానుగా జేబు దగ్గరికి వెళ్ళింది. అందులో ఎప్పుడూ ఉండే స్క్రూడ్రైవరు లేదు. పెట్టె సర్దినప్పుడు బైండరమ్మ తీసి ఇంట్లో అలమరలో దాచింది. ఆయన భార్యవంక చూశాడు. ఆమె సరస్సును చూస్తోంది. మొదటిసారి, శ్రద్ధగా.

“క్షమించండి, నావల్ల కాదు,” అన్నాడు సరేగారు. ఇంకేదో కారణం చెబితే గాని మర్యాదగా ఉండదని తోచి, “నాకు పైకీ కిందికీ జరిగేవి తప్ప ఇంకేమీ రావు” అని చేర్చాడు.

ఇంటావిడ ఆ మాట చదువుకుంది. పైకీ కిందికీ జరిగే ఆ కిటికీని ఒకసారి చూసింది. చెల్లెలు ఏదో అనబోతే మోచేత్తో పొడిచి, అలాగేనండీ, రేపు వడ్రంగిని పిలుస్తాను అని నెమ్మదిగా చెప్పింది.

సరేగారు కాఫీ కప్పు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.